మత్తు ఇంజెక్షన్ తర్వాత అడుగులు తూలితే...

ప్రశ్న: నా వయసు 54. బీపీకి ప్రొప్రనొలాల్ వాడుతున్నాను. కింది దవడ పన్ను తీయించుకోవడానికి వెళ్తే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. తిమ్మిరి ఎక్కలేదని ఇంకోటి ఇచ్చారు. రెండోది ఇస్తుండగానే చెవుల్లో హోరు, తల తిరుగుడు. కుర్చీ దిగితే కాళ్లు తూలాయి, మాట ముద్దగా వచ్చింది. అరగంటలో సర్దుకుంది. మరో పన్ను తీయాలి. ఈ మందు నాకు పడదా?

జవాబు: మీరు చెప్పినవి అలర్జీ లక్షణాల్లా లేవు. అలర్జీ అయితే దురద, దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తాయి. పన్ను తీసేటప్పుడు తిమ్మిరి కోసం ఇచ్చే లిగ్నోకెయిన్ లాంటి మందులకు నిజమైన అలర్జీ చాలా అరుదు.

నాలుక మొద్దుబారితే మాట ముద్దగా రావడం మామూలే. కానీ దవడకు ఇచ్చిన తిమ్మిరితో కాళ్లు తూలవు. అంటే మందు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లి ఉండాలి. రెండు ఇంజెక్షన్లతో సాధారణంగా మోతాదు మించదు. ఇస్తుండగానే మొదలైందంటున్నారు కాబట్టి, సూది రక్తనాళంలోకి వెళ్లి ఉంటుందని నా అనుమానం. కింది దవడలో నరం పక్కనే రక్తనాళాలు ఉంటాయి. అందుకే మందు ఎక్కించే ముందు సిరంజిని కాస్త వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తారు.

ఇలా జరిగినప్పుడు ముందుగా పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, చూపు మసకబారడం వంటివి రావచ్చు. ఆపైన తూలడం, మాట తడబడటం, కండరాలు అదరడం. ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి లక్షణం కనిపించగానే డాక్టర్‌కు చెప్పాలి, మొహమాటపడి ఊరుకోకూడదు. తూలుతున్నప్పుడు లేచి నడవొద్దు, పడుకోవాలి.

మీ బీపీ మాత్ర సంగతి కూడా ముఖ్యమే. ప్రొప్రనొలాల్ వాడేవారిలో కాలేయం లిగ్నోకెయిన్‌ను రక్తంలోంచి నెమ్మదిగా తొలగిస్తుంది, అందుకే అది ఎక్కువసేపు ఉండిపోతుంది. అలాగని మాత్ర సొంతంగా ఆపేయకండి. డెంటిస్టుకు ఆ మాత్ర పేరు, మీ బరువు, కాలేయ సమస్య ఏదైనా ఉంటే అదీ, పోయినసారి జరిగిందీ చెప్పండి. అడ్రినలిన్ (రక్తనాళాలను కుదించే మందు) కలపని లిగ్నోకెయిన్‌కు సాధారణ పరిమితి కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ కలిపితే పరిమితి పెరుగుతుంది గానీ, ప్రొప్రనొలాల్ వాడేవారిలో అది బీపీని పెంచగలదు కాబట్టి అక్కడా జాగ్రత్త కావాలి. తక్కువ మందు, నెమ్మదిగా, మధ్యలో ఆగి చూస్తూ ఇస్తే రెండో పన్ను కూడా తీయించుకోవచ్చు.

అయితే మీకు బీపీ ఉంది కాబట్టి ముందుగా ఒకసారి ఫిజీషియన్‌ను కలవండి. తూలడానికి వేరే కారణం లేదని తేలాలి. ఇంజెక్షన్ ఇచ్చిన వైపు పెదవి కాసేపు వాలినట్లుండటం సహజమే. ఒకవైపు చెయ్యి, కాలు బలహీనపడితే మాత్రం అది మత్తు ప్రభావమని సరిపెట్టుకోకండి. అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.