కుంటి కుక్కపిల్ల ఏమైంది?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన కాగితాల కట్టా మొన్న శుక్రవారం అందాయి. వరండాలో కూర్చుని, నీ పిల్లల నవల మీద వచ్చిన ఇరవై మూడు అభిప్రాయాలనూ రెండు పూటలుగా చదివాను. వాటిలో పదహారు, నువ్వు పుస్తకం ఇచ్చిన బడి పిల్లలు రూళ్ల కాగితాల మీద రాసినవి. మిగిలిన ఏడూ పెద్దవాళ్లవి. పెద్దవాళ్ల కాగితాల నిండా నువ్వు ఎర్రసిరాతో గీతలు గీశావు. పిల్లల కాగితాల మీద ఒక్క గీత కూడా లేదు. నాకు ముందుగా కంటబడింది ఇదే.

నీ బెంగ నాకు అర్థమైంది. నీ నవలలో దేవుడి ఊసే లేదని ఒకాయన నొచ్చుకున్నాడు. అమ్మవారి గుడి ఘట్టంతో అది కాస్తా భక్తి పుస్తకమై కూర్చుందని ఇంకొకావిడ విసుక్కుంది. మాంత్రికుణ్ణి చూస్తే పిల్లలు రాత్రి పడుకోరని ఒకరంటే, అతనికి పిల్లి కూడా జడవదని మరొకరు. ఎవరి మాట విని రెండో ముద్రణకు దిద్దాలని అడిగావు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ముందు, మంచికీ చెడుకూ జరిగే పోరు మీద పిల్లల కోసం నవల రాసి, నీకు వచ్చినలాంటి అభిప్రాయాలనే జీవితమంతా మోసిన ఒకావిడ సంగతి చెబుతాను.

ఆమె అమెరికా రచయిత్రి మాడెలిన్ లెంగల్. నవల పేరు ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’. ఆ పుస్తకాన్ని నా చేతికి తెచ్చింది అక్కడ చదువుకుంటున్న మా మనవరాలు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు, బడిలో చదివించారంటూ, మూలలు నలిగిన ప్రతి ఒకటి సంచీలోంచి తీసి ఇచ్చింది. 1962లో వెలువడిన ఆ నవలకు మరుసటి ఏడాది న్యూబెరీ పతకం వచ్చింది. అమెరికాలో బాలసాహిత్యానికి అంతకు మించిన గౌరవం లేదు. అయితే అచ్చు కావడానికి ముందు రెండేళ్ల పాటు, ఇరవై ఆరుమంది ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారని ఆమే చెప్పుకునేది. ఇది పిల్లలకా పెద్దలకా అన్నది వారికి తేలలేదట. చెడును ఇంత పచ్చిగా పిల్లల ముందు పెట్టవచ్చా అన్న శంక కూడా ఉండేదట. ఆ ఇరవై ఆరు ఉత్తరాలనూ పాఠకుల అభిప్రాయాలుగానే లెక్కవేసుకో. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క అధ్యాయం దిద్దుకుంటూ పోయి ఉంటే చివరికి మిగిలేది ఏమిటో ఊహించు.

కథ క్లుప్తంగా చెబుతాను. మెగ్ అనే పిల్ల, ఆమె చిన్న తమ్ముడు ఛార్లెస్ వాలెస్, కాల్విన్ అనే స్నేహితుడు కలిసి, కనిపించకుండా పోయిన తండ్రిని వెతుక్కుంటూ లోకాలు దాటి వెళతారు. తండ్రి కమజాట్స్ అనే గ్రహం మీద బందీగా ఉన్నాడు. పిల్లలు అక్కడ అడుగుపెట్టిన ఘట్టాన్ని నువ్వు ఒకటికి రెండుసార్లు చదవాలి. వీధి పొడుగునా ఒకే తీరు ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ ఆడుకుంటున్న పిల్లలు. బంతులన్నీ ఒకేసారి నేలను తాకుతాయి, ఒకేసారి పైకి లేస్తాయి. తాడాట ఆడే పిల్లల తాళ్లూ అదే లయలో తిరుగుతాయి. కాసేపటికి తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుని, తల్లులు ఒక్కసారిగా బయటికి వచ్చి పిల్లలను లోపలికి పిలుస్తారు. ఒక్క ఇంటి ముందు మాత్రం ఒక అబ్బాయి బంతి లయ తప్పి, చేజారి వీధిలోకి దొర్లిపోతుంది. ఆ తల్లి పరుగున వచ్చి వాణ్ణి లోపలికి లాక్కుపోతుంది. బంతి తిరిగి ఇద్దామని పిల్లలు తలుపు తడితే, మా దగ్గర పిల్లలెవరూ బంతి జారవిడవరంటూ ఆ బంతినే కాదనబోతుంది. కోరలు లేవు, నెత్తురు లేదు, అయినా ఆ ఇల్లాలి కళ్లలోని భయం చదివేవాడి వీపు మీదికి పాకుతుంది. నీ నవలలో మాంత్రికుడు మూడు చోట్ల వికటంగా నవ్వుతాడు. ఆ మూడు నవ్వులూ కలిపినా ఈ ఒక్క బంతికి సరిరావు. ఈ మాటకు నువ్వు కోపగించుకోకు.

ఇక అభిప్రాయాల సంగతి. ఆ నవలలో ఒకచోట, నక్షత్రాలను మింగుతున్న నల్లటి నీడను చూపించి, దానితో మన భూమి మీద పోరాడినవారు ఎవరో చెప్పండని పిల్లలను అడుగుతారు. పిల్లలు ముందుగా ఏసుక్రీస్తు పేరు చెబుతారు. ఆ తరవాత లియొనార్డో డావించీ, షేక్స్పియర్, పాశ్చర్, మేడమ్ క్యూరీ, ఐన్‌స్టీన్, వారితో పాటు గాంధీ, బుద్ధుడు. మా మనవరాలు ఆ పేజీ దగ్గర గాంధీ పేరు కనబడగానే పుస్తకం మూసి తరగతి అంతా వినేటట్టు కేకవేసిందట. అదే పేజీ చూసి, క్రీస్తును ఇతరుల సరసన కూర్చోబెట్టడం అపచారమని అక్కడి తల్లిదండ్రులు కొందరు పుస్తకాన్ని బడి గ్రంథాలయం నుంచి తీసేయమన్నారు. పిల్లలకు తోడుగా వచ్చే ముగ్గురు వింత ఆడవాళ్లూ మంత్రగత్తెల్లా ఉన్నారని మరికొందరి ఫిర్యాదు. ఇంకొక వర్గం సరిగ్గా ఎదురుగా నిలబడి, ఇందులో బైబిలు వాక్యాలు ఎక్కువయ్యాయని, ఇది కథ ముసుగు వేసుకున్న మతబోధ అని అన్నది. 1990ల దశాబ్దంలో అమెరికాలో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలను అక్కడి గ్రంథాలయ సంఘం లెక్క తీస్తే, మొదటి పాతికలో ఈ పిల్లల నవల ఉంది. రాసినావిడ నాస్తికురాలా అంటే, కాదు. న్యూయార్కులోని ఒక పెద్ద చర్చి గ్రంథాలయాన్ని దశాబ్దాల పాటు చూసుకున్న భక్తురాలు.

నీ ఏడు కాగితాలలో దేవుడు లేడన్న ఆయననూ, దేవుడు ఎక్కువయ్యాడన్న ఆవిడనూ పక్కపక్కన పెట్టి చూడు. ఇద్దరూ నీ పుస్తకానికి రాకముందే తమ తమ చోట్ల నిలబడి ఉన్నారు. అక్కడి నుంచి నీ గుడి ఎలా కనిపించిందో నిజాయితీగానే చెప్పారు. మర్యాదగా జవాబు రాయి, గుడిని మాత్రం కదపకు. ఇద్దరినీ మెప్పించాలని ఆ గుడిలోంచి విగ్రహాన్ని తీసి గంటను ఉంచావనుకో, ఆ గుడికి ఎవరూ రారు.

పాఠకుడు మన పుస్తకంలో తన కాలాన్ని చదువుకుంటాడు. దీనికీ ఆ నవలే సాక్ష్యం. అది వచ్చిన రోజులు అమెరికాకూ సోవియట్‌కూ పడని రోజులు. అందరూ ఒకేలా నడిచే కమజాట్స్‌ను చూసి, ఇంకేముంది, ఇది కమ్యూనిస్టు రాజ్యమేనని చాలామంది తీర్మానించారు, ఆ మాట యాభై ఏళ్లు అలాగే చెలామణి అయింది. రచయిత్రి 2007లో కన్నుమూసింది. 2015లో, ఆమె అచ్చుకు ముందు తీసేసిన మూడు పేజీలు మనవరాలి చేతికి దొరికి, పత్రికలో వెలువడ్డాయి. అందులో మెగ్ తండ్రి కూతురికి చెప్పేది వేరు: నియంతృత్వం వల్లనే కాదు, ఏ ఆపదా రాకూడదని, అన్నీ భద్రంగా ఉండాలని మితిమీరి కోరుకునే ప్రజాస్వామ్యమైనా అలాంటి గతికే చేరుతుంది అని. ఈ పేజీలు ఉంచి ఉంటే ఆ అపార్థం తప్పేదని కొందరన్నారు. తీసేసి మంచిపనే చేసిందని నా ఉద్దేశం. బంతి జారిన పిల్లవాడి తల్లి చెప్పినదాన్నే తండ్రి మళ్లీ ఉపన్యాసంలా చెబుతాడు. నీ పదకొండో అధ్యాయంలో తాతగారు లోభం గురించి మనవరాలికి చెప్పే పేజీన్నర కూడా ఇదే జాతి. పదహారుమంది పిల్లల్లో ఒక్కడైనా ఆ తాతగారిని తలుచుకోలేదు, చూశావా?

అంతమాత్రాన పాఠకుల మాటలన్నీ గాలికి వదిలేయమని నేను అనడం లేదు. లెంగల్ నవల మీద మొదటి నుంచీ వినబడుతున్న ఫిర్యాదు ఒకటుంది, దానితో నేనూ ఏకీభవిస్తాను: ముగింపు తొందరపడింది. పన్నెండు అధ్యాయాల కథలో, ఆ గ్రహాన్ని ఏలే భయంకరమైన మెదడుతో మెగ్ ఆఖరిసారి తలపడి గెలిచేది ఆఖరి అధ్యాయం చివర కొద్ది పేజీలలోనే. తమ్ముణ్ణి ప్రేమించడం తనకు తెలుసు, ఆ మెదడుకు తెలియదు. ఆ ఎరుకతోనే గెలిచి, ఆ మెదడు వశమైపోయిన తమ్ముణ్ణి తెచ్చేసుకుంటుంది. ఆ వెంటనే అందరూ ఇంటి కూరతోటలో వచ్చి పడతారు. అయితే ఒక మెలకువ గమనించు. కమజాట్స్‌కు పంపేటప్పుడే ఆ ముగ్గురు వింత ఆడవాళ్లలో ఒకావిడ మెగ్‌కు కానుకగా ఆమె లోపాలనే ఇస్తుంది. ఆమె కోపం, మొండితనం, ఓపికలేనితనం. పిల్ల మొదటి పేజీ నుంచీ సిగ్గుపడుతున్న గుణాలే తరవాత అక్కరకు వస్తాయి. అందువల్ల ముగింపు ఎంత తొందరగా వచ్చినా, ఎక్కడి నుంచో ఊడిపడినట్టు అనిపించదు.

నీ నవలలో ఊడిపడింది. నూటనలభై రెండు పేజీల పుస్తకంలో మాంత్రికుణ్ణి చంపే తాయెత్తు మొదటిసారి కనబడేది నూటముప్పై ఒకటో పేజీలో, మాంత్రికుడు చచ్చేది నూటముప్పై ఐదులో. ఇరవై ముగ్గురిలో ఆరుగురు ఈ సంగతే చెప్పారు, అందులో నలుగురు పిల్లలు. ఒకమ్మాయి ‘మాంత్రికుడు తొందరగా అయిపోయాడు’ అని రాసింది. అన్నం అయిపోయింది అన్నట్టు. ఒకరికొకరు తెలియని ఆరుగురు ఒకే పేజీ దగ్గర కాలు జారితే, అక్కడ నేల తడిగా ఉన్నట్టే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందన్న సంగతి ఎంత ముందుగా, ఎంత ఊరించి చెబుతారో గుర్తు చేసుకో. ఏడు సముద్రాల అవతలి చిలక కోసం బయలుదేరిన కుర్రవాడితో పాటు వినేవాళ్లమూ అన్ని సముద్రాలూ దాటుతాం.

నా సంగతి కూడా ఒకటి చెబుతాను, ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక పత్రికలో నా మొదటి పిల్లల సీరియల్ వస్తున్నప్పుడు, అయిదో తరగతి కుర్రవాడు ఇన్‌లాండ్ లెటర్ రాశాడు: ‘రాక్షసుడికి అన్నం ఎవరు వండి పెడతారండీ?’ చదివి నవ్వుకుని, భోజనాల దగ్గర ఇంట్లో అందరికీ వినిపించి, బల్ల సొరుగులో పడేశాను. అదే వారం ఒక పండితుడు నా శైలిలో సంస్కృత సమాసాలు తక్కువయ్యాయని రాస్తే, రాత్రంతా మేల్కొని తరువాతి భాగాన్ని సమాసాలతో నింపాను. సీరియల్ పుస్తకంగా వచ్చాక చదివి చూసుకుంటే, నా రాక్షసుడికి ఇల్లు లేదు, వంట లేదు, నిద్ర లేదు. కథానాయకుడు వచ్చినప్పుడల్లా గుహలోంచి బయటికి రావడం తప్ప వాడికి వేరే పని లేదు. ఆ కుర్రవాడికి ఇది మూడో వారంలోనే తెలిసింది. సమాసాలు మాత్రం ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉన్నాయి, ఎవరూ చదవడం లేదు.

మన దగ్గర ఈ విషయంలో నాకు ఎప్పుడూ తలపుకు వచ్చేది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, చందమామలో ఆయన రాసిన సీరియళ్లు ఆయన పేరు లేకుండానే వచ్చాయి. పిల్లలు ఎవరిని మెచ్చుకుంటున్నారో వారికే తెలియదు. వచ్చే నెల ఏమవుతుందన్నదొక్కటే వాళ్ల గొడవ. పెద్దయ్యాక ఆ పాఠకులే ఆయన ఎవరని వెతుక్కుంటూ బయలుదేరారు. నీ పేరు అట్ట మీద ఇంత లావున ఉండడం వల్లనే పొగడ్తా తిట్టూ నిన్ను ఇంతగా తాకుతున్నాయేమో అని నాకు అనుమానం. కట్టను ఇంకొకసారి చదివేటప్పుడు, పుస్తకం ఎవరో రాసిందనుకుని చదువు.

అలా చదివితే నీకు తప్పకుండా కనబడే కాగితం ఒకటుంది. కట్టలో కింది నుంచి నాలుగోది, నాలుగో తరగతి అబ్బాయిది. ‘కథ బాగుంది. కుంటి కుక్కపిల్ల ఏమైంది?’ అని రెండే వాక్యాలు. నేను పుస్తకం తీసి వెతికాను. పన్నెండో పేజీలో వానలో తడుస్తూ దొరికిన ఆ కుక్కపిల్ల, ముప్పై ఎనిమిదో పేజీలో పిల్లలతో పాటు అడవి దాకా వచ్చి, ఏరు దాటేటప్పుడు గట్టు మీద కూర్చుండిపోయింది. ఆ తరవాత దాని మాట లేదు. పిల్లలు గెలిచి, ఊరంతా ఊరేగి, అదే ఏరు మళ్లీ దాటి ఇంటికి వచ్చారు. గట్టు మీద ఎవరూ లేరు. రెండో ముద్రణ పని ఇక్కడి నుంచి మొదలుపెట్టు. అది అక్కడే కాచుకుని ఉందా, మాంత్రికుడి మనుషులు ఎత్తుకుపోయారా, లేక ఎవరి కంటా పడకుండా వెనకాలే వచ్చిందా అన్నది నీకు తేలితే, ఆ తాయెత్తు అవసరం ఉంటుందో ఉండదో కూడా తేలవచ్చు.

తేలాక ఆ అబ్బాయికి ఒక కార్డు రాయి. కాగితం వెనక్కి తిప్పి చూడకపోయి ఉంటావు. అక్కడ వాడు పెన్సిలుతో కుక్కపిల్ల బొమ్మ వేశాడు. నువ్వు పన్నెండో పేజీలో ఎడమ ముందుకాలు కుంటిదని రాసి, ముప్పై ఎనిమిదిలో కుడికాలు చేశావు. వాడు ఎడమ కాలే వంకరగా వేసి, కుడికాలి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు