అల్లుడూ, ఆ ఫ్యూయల్ బాక్స్ బిగించే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త సైలెన్సర్ వేయించావనీ, అప్పటినుంచి కింది గేర్లలో బండి జర్క్ కొడుతోందనీ, థ్రాటిల్ వదిలినప్పుడల్లా వెనకాల టపటపా పేలుతోందనీ రాశావు. అందుకే పెట్రోలు సర్దుబాటు చేసే బాక్స్ ఒకటి ఆర్డర్ పెట్టానన్నావు. అది వచ్చేలోపు చెప్పాల్సినవి చెప్పేద్దామని కూర్చున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. పూర్తిగా చదివాకే స్పానర్ పట్టుకో.

ఆ బాక్స్ చేసే పని ఒక్కటే. ఇంజన్‌లోకి వెళ్లే పెట్రోలును కొంచెం పెంచుతుంది, లేదా కొంచెం తగ్గిస్తుంది. నీ బండిలో ఉన్న తేడా పెట్రోలు వల్ల వచ్చిందే అయితే అది బాగు చేస్తుంది. వేరే కారణం వల్ల వచ్చిందైతే ఆ కారణం అలాగే ఉంటుంది, పైన ఇంకో కొత్త తేడా చేరుతుంది. బండిలో అసలు ఏం జరుగుతోందో కొలిచి తెలుసుకున్నాకే పెట్రోలు మీద చెయ్యి వెయ్యమని నేను చెప్పేది అందుకే.

గాలి, పెట్రోలు లెక్క నీకు తెలిసే ఉంటుంది గానీ ఒకసారి చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే ఆ అంకె తగ్గుతుంది. 10 శాతం ఇథనాల్ ఉంటే దాదాపు 14.1, 20 శాతం ఉంటే 13.5 దగ్గర. గాలి ఇంతకంటే ఎక్కువైతే లీన్ అంటాం, పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటాం. ఇంజన్ గట్టిగా లాగేది మాత్రం 14.7 దగ్గర కాదు, కొంచెం రిచ్‌గా 12.5, 13.2 మధ్యలో. మరి కంపెనీవాళ్లు మామూలు నడకలో 14.7నే ఎందుకు పట్టుకుంటారంటే, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ అంకె చుట్టూ ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది.

ఆ అంకెను నిలబెట్టేది సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్. బండితో వచ్చే సెన్సర్ చాలా సింపుల్‌ది. దాని ఓల్టేజీ 0.45కి పైన ఉంటే రిచ్, కింద ఉంటే లీన్. ఎటువైపు ఉన్నామో చెబుతుంది గానీ ఎంత దూరంలో ఉన్నామో చెప్పలేదు. నెమ్మదిగా, ఒకే వేగంలో పోతున్నంతసేపూ ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, దాని మాట విని పెట్రోలు అటూఇటూ సర్దుతుంటుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పితే సెన్సర్‌ని పక్కనపెట్టి తన దగ్గరున్న పట్టిక ప్రకారం పోస్తుంది. ఈ రెండు దశల తేడా మనసులో పెట్టుకో, ఏ బాక్స్ ఎక్కడ పనిచేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

బజారులో బాక్స్ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావు. కొన్ని లోపలికి వచ్చే గాలి వేడిని కొలిచే సెన్సర్ వైరు మధ్యలో కూర్చుంటాయి. చల్లబడేకొద్దీ ఆ సెన్సర్ రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి, ఇంకొంచెం రెసిస్టెన్స్ కలిపి గాలి చల్లగా ఉందని ఈసీయూని నమ్మిస్తాయి. చల్లగాలి చిక్కన, అందుకని ఈసీయూ నాలుగైదు శాతం ఎక్కువ పోస్తుంది. నిలకడ నడకలో ఆక్సిజన్ సెన్సర్ అది పట్టేసి మళ్లీ తగ్గించేస్తుంది. కాబట్టి దాని ప్రభావం ఎక్కువగా తెలిసేది థ్రాటిల్ తెరిచే క్షణంలోనూ, ఫుల్ థ్రాటిల్‌లోనూ. ఇంకొన్ని ఆక్సిజన్ సెన్సర్ సిగ్నల్‌నే కాస్త జరిపి, ఈసీయూ పట్టుకునే అంకెను 14.7 నుంచి కిందికి దింపుతాయి. ఇవి నిలకడ నడకలో బాగా పనిచేస్తాయి.

మూడో రకం ఈసీయూకీ, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌కీ మధ్యలో బిగించేవి. పవర్ కమాండర్ లాంటివి ఈ కోవలోవే. ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయాన్నే ఇవి పొడిగిస్తాయి, కుదిస్తాయి. ఐడ్లింగ్‌లో ఆ సమయం సుమారు రెండు మిల్లీసెకన్లు ఉంటుందనుకో. దానికి 5 శాతం కలిపితే పెరిగేది ఒక మిల్లీసెకనులో పదోవంతు. ఎంత సన్నని పనో చూడు. ఇందులో ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఒకవైపు, థ్రాటిల్ శాతం ఒకవైపు వేసిన పట్టిక ఉంటుంది, దాన్నే మ్యాపు అంటాం, గడి గడికీ విడిగా మార్చుకోవచ్చు. నీ అవసరానికి ఇదే సరైనది. కాకపోతే నిలకడ నడక ప్రాంతంలో నువ్వు కలిపిన పెట్రోలును ఈసీయూ మళ్లీ తీసేస్తూనే ఉంటుంది. ఆ విషయం కిట్ ఎలా చూసుకుంటోందో దాని మాన్యువల్‌లో వెతుకు. మాన్యువల్‌లో ఆ ప్రస్తావనే లేకపోతే ఆ కిట్ తిరిగి పంపించెయ్.

ఇప్పుడు నీ బండి సంగతి. నాకు మొదటి అనుమానం సైలెన్సర్ గాస్కెట్ మీద, అంటే జాయింట్ లీకవకుండా మధ్యలో పెట్టే సీలు మీద. కొత్తది వేసేటప్పుడు పాత గాస్కెట్‌నే మళ్లీ పెట్టారేమో అడుగు. ఇంజన్ హెడ్‌కీ సెన్సర్‌కీ మధ్య ఎక్కడైనా సన్నగా లీకు ఉంటే పొగ బయటికి రావడమే కాదు, పొగ ఒత్తిడి పడిపోయిన ప్రతి క్షణంలో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కి ఆ గాలి తగిలి లీన్ అని చెబుతుంది. ఈసీయూ నమ్మి పెట్రోలు పెంచుతుంది. నిజానికి ఇంజన్ రిచ్‌గా నడుస్తుంటుంది, కొలత మాత్రం లీన్ చూపిస్తుంటుంది. థ్రాటిల్ వదిలినప్పుడు ఆ పేలుళ్లకు కూడా ఈ లీకే కారణం కావచ్చు, కాలకుండా మిగిలిన పెట్రోలుకి పైపులో తాజా గాలి దొరికితే అక్కడే అంటుకుంటుంది. ఇలా లీకు ఉన్న బండ్లకి బాక్స్ మీద బాక్స్ మార్చి విసిగిపోయి తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాటిలో చాలావాటికి కావాల్సింది కొత్త గాస్కెట్ ఒక్కటే.

చూడటం తేలిక. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సబ్బునీళ్లు జాయింట్ చుట్టూ కొట్టి స్టార్ట్ చెయ్. పైపు వేడెక్కేలోపు, మొదటి కొన్ని క్షణాల్లోనే బుడగలు వస్తాయేమో చూడు. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకు.

ఇంకో మాట. చాలా బండ్లలో పొగ శుభ్రం కావడానికి ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే దారిలోకి కంపెనీవాళ్లే కొంచెం గాలి పంపే ఏర్పాటు ఉంటుంది. ఆ గాలితో మిగిలిన పెట్రోలు అంటుకుని చిన్న చప్పుడు వస్తుంది, లోపల ఖాళీగా ఉండే సైలెన్సర్ వేస్తే అది పెద్దగా వినపడుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే ప్రతి చప్పుడూ లీన్ అని తేల్చెయ్యకు.

జర్క్ గురించి కూడా ఇలాగే ఆలోచించు. చైన్ వదులైతే కింది గేర్లలో థ్రాటిల్ తెరిచి మూసినప్పుడల్లా బండి కుదుపుతుంది. థ్రాటిల్ కేబుల్‌లో ఆట ఎక్కువైనా అంతే. రెండూ బండి మాన్యువల్‌లో చెప్పిన కొలతకి సర్దు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీని ఇంజన్‌కి కలిపే రబ్బరు బూటు పగిలిందేమో, అన్నీ చూసుకో. రెండు సిలిండర్లు, అంతకంటే ఎక్కువ ఉన్న బండైతే థ్రాటిల్ బాడీల సింక్ కూడా చేయించు, అంటే అన్నీ ఒకేలా తెరుచుకునేలా సర్దించు. ఇవన్నీ అయ్యాక కూడా జర్క్ మిగిలి ఉంటే అప్పుడు పెట్రోలు వైపు చూద్దాం.

బిగించే రోజు ట్యాంకు ఎత్తాలి కాబట్టి, ముందుగా పెట్రోలు పైపులో ప్రెషర్ దించాలి. ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి ఆ ప్రెషర్ సుమారు 3 బార్ ఉంటుంది, ఇంజన్ ఆపినా వెంటనే పోదు. పంపు కనెక్టర్ విప్పి ఇంజన్ స్టార్ట్ చెయ్, మిగిలిన పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత కీ తీసెయ్, బండిని పూర్తిగా చల్లారనివ్వు, అప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పు. బయట, గాలి ఆడేచోట చెయ్. పెట్రోలు పైపు జాయింట్ కింద గుడ్డ పెట్టి విప్పు, కొంచెమైనా కారుతుంది. ఆ క్లిప్పులు ప్లాస్టిక్‌వి, బలం పెడితే విరుగుతాయి, మళ్లీ పెట్టేటప్పుడు క్లిక్ మన్నదాకా నొక్కు. దగ్గర్లో నిప్పు, సిగరెట్ లాంటివి ఉండకూడదు, నిప్పు ఆర్పే సిలిండర్ ఒకటి చేతికందేలా పెట్టుకో. ఇందులో మొహమాటం వద్దు, పక్కన ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే అక్కణ్నుంచి పంపించెయ్.

ఏదైనా విప్పే ముందు వైర్లు ఎక్కడెక్కడ ఎలా పోతున్నాయో ఫొటోలు తీసుకో. కనెక్టర్‌ని లాక్ నొక్కి విప్పాలి, వైరు పట్టి లాగకూడదు. కిట్‌తో కంపెనీ కనెక్టర్లకి సరిపోయే జత ఉంటే సరే. లేకపోతే వైరు మీద నొక్కి బిగించే నీలిరంగు క్లిప్పులు కొందరు వాడతారు, నువ్వు వాటి జోలికి వెళ్లకు. అవి వైరులోని సన్నని తీగల్ని కోస్తాయి, తేమ చేరి తుప్పు పడుతుంది, కొన్నాళ్లకి బండి ఎక్కడో రోడ్డు మధ్యలో మిస్సింగ్ మొదలెడుతుంది. సరైన క్రింపింగ్ టూల్‌తో (వైరు మీద టెర్మినల్ నొక్కి బిగించే పనిముట్టు) జాయింట్ వేసి, పైన వేడికి ముడుచుకునే ట్యూబు వెయ్. సోల్డర్ చేసినచోట వైరు బిరుసవుతుంది, ఇంజన్ వణుకుకి ఆ అంచులోనే తెగుతుంది. చెయ్యక తప్పకపోతే ఆ జాయింట్ కదలకుండా కట్టు.

ఎర్త్ వైరును ఫ్రేమ్ మీద పెయింట్ ఉన్న బోల్టుకి కాదు, నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి ఇవ్వు. ఎర్త్ సరిగ్గా లేని బాక్స్ కాసేపు బాగుంటుంది, కాసేపు తిక్కగా ఉంటుంది, కారణం దొరకదు. వైర్లు సైలెన్సర్ వేడికీ, ఇగ్నిషన్ కాయిల్‌కీ దూరంగా పోవాలి. అన్నీ కట్టాక హ్యాండిల్ ఈ చివరనుంచి ఆ చివరకి తిప్పి ఎక్కడా వైరు లాగుతోందా చూడు. ట్యాంకు కింద నలగకూడదు. బాక్స్‌ని సీటు కింద స్పాంజి వేసి పెట్టు, వైర్లు వచ్చే ముఖం కిందికి ఉండేలా, నీళ్లు లోపలికి పోకుండా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బాక్స్‌లో మ్యాపు మొత్తం సున్నాలు ఉండాలి. అంటే బాక్స్ ఉంది గానీ ఏమీ మార్చడం లేదు. అప్పుడు బండి ఇంతకుముందు ఎలా ఉందో అచ్చం అలాగే నడవాలి. అలా నడవకపోతే, కొత్తగా చెక్ ఇంజన్ లైట్ వెలిగితే, తప్పు వైరింగ్‌లో ఉంది. మ్యాపు మార్చి దాన్ని కప్పిపుచ్చకు. సున్నా మ్యాపుతో బండి నిక్షేపంగా ఉందని తేలాక, థ్రాటిల్ మూసినప్పుడు ఎంత, పూర్తిగా తెరిచినప్పుడు ఎంత అన్నది బాక్స్‌కి నేర్పు. చాలామంది ఈ మెట్టు దాటేసి, మ్యాపు బాగోలేదని గొడవ పడుతుంటారు.

ఇక మ్యాపు. వేరేవాళ్ల బండికోసం, వేరే సైలెన్సర్ కోసం చేసినది నీకు మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. నిజంగా కుదరాలంటే సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి అంకె చూడాలి. ఎటువైపు ఉన్నామో కాదు, ఎంత ఉందో చెప్పేది అదే. డైనో మీద, అంటే బండిని కదలకుండా నిలిపి రోలర్ మీద నడిపించే యంత్రం మీద, చేయిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఫుల్ థ్రాటిల్‌లో బండి నడుపుతూ స్క్రీన్ చూడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. డైనో దొరకకపోతే రికార్డు చేసుకుని, ఇంటికొచ్చాక చూడు. రోడ్డు మీద ట్యూన్ చెయ్యవద్దని నీకు ఖచ్చితంగా చెబుతున్నాను.

ఒకసారికి రెండు మూడు శాతం మాత్రమే మార్చు, అదీ ఒక ప్రాంతంలోనే. 14.7ని సరైన అంకెగా చూపే మీటరు మీద నిలకడ నడకలో 14 చుట్టుపక్కల, ఫుల్ థ్రాటిల్‌లో 13 దగ్గర ఉంటే రోడ్డు బండికి చాలు. బరువు లాగేటప్పుడు లీన్ అయితే మంట వేడెక్కి డెటొనేషన్ (పెట్రోలు దానంతటదే ఒక్కసారిగా పేలడం) మొదలవుతుంది, పిస్టన్, వాల్వులు పోతాయి. దానికి భయపడి ‘రిచ్‌గా ఉంటే సేఫ్’ అని పెట్రోలు కుమ్మరించేవాళ్లున్నారు. అదీ తప్పే. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్నే కరిగించగలదు. ఆయిల్ డిప్‌స్టిక్‌కి పెట్రోలు వాసన వస్తే వెంటనే తగ్గించు. ప్లగ్ రంగు చూసి తేల్చుకునే పాత పద్ధతిని ఇప్పటి పెట్రోలుతో పూర్తిగా నమ్మలేం, రంగు సరిగ్గా పట్టదు. నల్లగా మసి పడితే మాత్రం రిచ్ అనే అర్థం.

దీనివల్ల బండి రాకెట్ అయిపోతుందని ఆశపడకు. సరిగ్గా కుదిరితే కింది ఆర్పీఎంలో నునుపుగా లాగుతుంది, ట్రాఫిక్‌లో చేతికి హాయిగా ఉంటుంది, ఇంజన్ కొంచెం చల్లగా నడుస్తుంది. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. నావరకు ఆ నునుపు ఒక్కదానికోసమైనా ఈ పని చెయ్యొచ్చు.

పొగ నియంత్రణ భాగాల్ని మార్చిన బండిని రోడ్డు మీద నడపడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు, వారంటీ కూడా పోవచ్చు. నీ బండికి ఏం వర్తిస్తుందో కనుక్కుని, అనుమతి ఉందని తేలాకే మొదలుపెట్టు. తీసిన కంపెనీ భాగాలన్నీ పేరు రాసి దాచు. కంపెనీ వైరును ఎక్కడా కోయకుండా చేస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు బాక్స్ పీకేసి మొదటి స్థితికి తేవచ్చు.

ఈ వారంలో గాస్కెట్ దగ్గర సబ్బునీళ్లు, చైన్, కేబుల్ చూసి ఏం తేలిందో నాకు రాయి. ప్లగ్ ఫొటో, బాక్స్ మీద మోడల్ పేరు, దాంతో వచ్చిన వైరింగ్ బొమ్మ కూడా పంపు. నేను చూసి సరే అన్నదాకా ట్యాంకు ఎత్తకు. ఎత్తే రోజు ముందే చెబితే, ఫోన్ దగ్గరే పెట్టుకుని ఉంటాను.

ఇట్లు
మీ మామయ్య