యాప్‌లో ‘ఖాళీ’ అని ఉంటే నమ్మేయకండి

అన్నా, సూర్యాపేటలో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ స్టేషన్ ‘ఖాళీ’ అని యాప్ చూపించినా గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) పనిచేయలేదని, ఇంకోచోట బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువైందని రాశారు కదా. బిల్లు లెక్క సులువే: చాలా యాప్‌లు చూపే ధరపై 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. యూనిట్ 20 రూపాయలంటే నిజానికి 23.60. 30 యూనిట్లకు 708.

అసలు టెన్షన్ గన్‌తోనే. ‘ఖాళీ’ అంటే ఎవరూ వాడట్లేదని మాత్రమే, పనిచేస్తోందని కాదు. ఈరోజు అక్కడ ఎవరైనా ఛార్జ్ చేశారేమో యాప్‌లో చూడండి, లేదా పక్కనున్న హోటల్‌కి ఫోన్ కొట్టండి (వాళ్లే నిజం చెప్తారు!). నేనైతే విజయవాడ వెళ్తుంటే బ్యాటరీ 40 శాతం ఉండగానే సూర్యాపేటలో ఆగుతాను. అక్కడ పనిచేయకపోయినా కోదాడ దాకా లాగించొచ్చు. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, అక్కడికి గన్ తీసేయండి.