కంచే చేను మేసినప్పుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఏడాదిన్నర పాటు కీళ్ల నొప్పులు, తరచూ జ్వరం, అంతులేని నీరసంతో డాక్టర్ల చుట్టూ తిరిగాక ఎనిమిది నెలల క్రితం నాకు లూపస్ అని తేలింది. ఆ రోజు విచిత్రంగా ఊరట కలిగింది. నేను చెబుతున్నవి వంకలు కావని కాగితం మీద రుజువైనట్లు అనిపించింది. ఆ ఊరట వారం కూడా నిలవలేదు. "మీ రోగనిరోధక వ్యవస్థ మీ సొంత శరీరం మీదే దాడి చేస్తోంది" అని డాక్టరు గారు వివరించినప్పుడు, కంచే చేను మేసిందన్న సామెత మనసులో పడి అక్కడే ఉండిపోయింది. నా శరీరమే నాకు ద్రోహం చేసిందన్న ఊహ వదలడం లేదు. రక్తపరీక్షల రిపోర్టు రాత్రిపూట ఫోనుకు వస్తే, అందులోని ఒక్కో అంకె గురించి వెతుకుతూ తెల్లవారేదాకా కూర్చుంటున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు "పైకి బాగానే ఉన్నావుగా" అంటారు, లేదంటే "ధైర్యంగా పోరాడాలి" అంటారు. మా అత్తగారు మంచి మనసుతోనే రోజూ ఉదయం "తగ్గిందా అమ్మా?" అని అడుగుతారు, ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ముంచుకొస్తుంది. ఒకప్పటి నేను మళ్లీ తిరిగి వస్తానా? అసలు నేను చేసిన తప్పేమిటి?

జవాబు: మీ ఉత్తరంలో చివరన ఉన్న ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా బాధలన్నీ దాని కిందే నలుగుతున్నాయి. మీరు చేసిన తప్పేమీ లేదు. జన్యువుల్లో ఉన్న కొంత మొగ్గు, హార్మోన్లు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, కొన్ని ఇన్‌ఫెక్షన్లు కలిసి లూపస్‌కు దారితీస్తాయని వైద్యశాస్త్రం చెబుతోంది. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే, ఎక్కువమందిలో అది బయటపడేది 15 నుంచి 45 ఏళ్ల మధ్యనే. ఒకే జన్యువులతో పుట్టిన కవలల్లో ఒకరికి ఈ వ్యాధి వచ్చినా, రెండోవారు దాని బారిన పడకుండా ఉండటమే ఎక్కువగా కనిపిస్తుంది. కవలల్లోనే ఒకరికి ఎందుకు వచ్చిందో, మరొకరికి ఎందుకు రాలేదో తేల్చి చెప్పలేనప్పుడు, మీరు పడిన టెన్షన్‌లోనో, నిద్ర చాలని పరీక్షల సీజన్‌లోనో కారణం వెతికి మిమ్మల్ని మీరే బోనెక్కించుకోవడం న్యాయం కాదు.

ఇక కంచె సంగతి. ఈ వ్యాధికి ఇంత దగ్గరగా వచ్చే సామెత మరొకటి దొరకదు, నేనూ చాలాసార్లు వాడాను. ఈమధ్య మాత్రం వెనకాడుతున్నాను, ఎందుకంటే ఆ సామెతలో ఒక ద్రోహి దాగి ఉన్నాడు. మీ శరీరంలో ఏం జరుగుతోందో కాస్త దగ్గరగా చూడండి. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు గుండెకు పైభాగాన ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో తర్ఫీదు పొందుతాయి. సొంత కణజాలాన్నే పరాయిదిగా పట్టుకునే కణాల్లో చాలావాటిని శరీరం అక్కడే ఏరిపారేస్తుంది, తప్పించుకున్న కొన్నింటిని ఆ తరవాత అదుపులో ఉంచుతుంది. ఈ ఏరివేత ఏ మనిషిలోనూ నూటికి నూరుపాళ్లు జరగదు. మీలో ఆ అదుపు సడలింది, అంతే. కాపలావాడు శత్రువుకు అమ్ముడుపోలేదు, ఇంటివాళ్ల ముఖాలు గుర్తుపట్టలేక కర్ర ఎత్తుతున్నాడు. ద్రోహం చేసినవాడితో కలిసి ఒకే ఇంట్లో ఉండటం వేరు, పొరబడుతున్నవాడిని పక్కన పెట్టుకుని సముదాయించుకోవడం వేరు.

శరీరం తనకు తాను హాని చేసుకుంటుందన్న సంగతిని శాస్త్రవేత్తలే చాలాకాలం నమ్మలేదు. 20వ శతాబ్దపు తొలినాళ్లలో రోగనిరోధక శాస్త్రానికి పునాదులు వేసిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ అంతటివాడు, తన కణజాలం మీద తానే విషం తయారు చేసుకోవడానికి శరీరం ఒప్పుకోదని సూత్రీకరించాడు. కుందేళ్ల థైరాయిడ్ గ్రంథి మీద నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ చేసిన ప్రయోగాలు 1956లో వెలువడ్డాకే ఆ నమ్మకం గట్టిగా కదిలింది. ఉద్దండులకే అర్ధ శతాబ్దం పట్టిన విషయం మీకు ఎనిమిది నెలల్లో మింగుడుపడలేదంటే అది మీ మనసు బలహీనత అని నేను అనుకోను.

"పోరాడు" అనేవాళ్ల మాట మీకు ఎందుకు గుచ్చుకుంటోందో కూడా దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అతిగా పోరాడటమే ఈ వ్యాధి స్వభావం. చికిత్స అంతా ఆ పోరును చల్లార్చడానికే. లూపస్‌లో చాలామందికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒకప్పుడు మలేరియా మందుగా వచ్చినదే, దాని గుణం పూర్తిగా కనబడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంత నిదానంగా పనిచేసే మందును వేసుకుంటూ ప్రతిరోజూ యుద్ధభూమిలో నిలబడ్డట్లు బిగుసుకుని ఉండటం ఎవరివల్లా కాదు. రాత్రి మాత్ర వేసుకోవడం, ఎండలోకి వెళ్లేముందు పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కోవడం, అలసట కమ్మకముందే కూర్చోవడం వంటివి చేస్తే చాలు. వాటికి వీరత్వం అక్కర్లేదు.

ఒకప్పటి మీరు తిరిగి వస్తారా అని అడిగారు. ఉపశమన దశ, వైద్యులు రెమిషన్ అనేది, చాలామందిలో సాధ్యమే. అది ఏళ్ల తరబడి నిలవవచ్చు, మధ్యలో వ్యాధి మళ్లీ రగలవచ్చు కూడా. కానీ రోగనిర్ధారణకు ముందున్న ఆ నిశ్చింత, అంటే రేపటి శరీరం నేటిలాగే ఉంటుందన్న ధీమా, మునుపటిలా రాకపోవచ్చు. దాన్ని దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. పోయినది నిజంగా పోయినదే కాబట్టి దుఃఖమూ నిజమైనదే. ఈ దుఃఖం మెట్లు దిగినట్లు ఒక వరసలో సాగి అయిపోదు. ఆరు నెలలు నెమ్మదించి, ఒక ఉదయం వేళ్లు ముడుచుకోనప్పుడు మొదటి రోజంత పచ్చిగా లేస్తుంది. అప్పుడు "మళ్లీ మొదటికి వచ్చాను" అని దిగులుపడకండి.

ఒక చిన్న పని చెబుతాను. "నా ఆరోగ్యం పోయింది" అన్న మాట చాలా పెద్దది, అంత పెద్ద మాటను ఏడ్వడానికి కూడా పట్టుకోలేం. ఒక నోటుపుస్తకంలో పోయినవాటిని వాటి అసలు కొలతతో రాయండి: నిలబడి బోర్డు నిండా లెక్క చేయడం, ఒకే చేత్తో ముప్పై నోటుపుస్తకాలు మోసుకుంటూ రెండో అంతస్తు ఎక్కడం, ఆదివారం మధ్యాహ్నం ఎండలో నడవడం. వాటిలో కొన్నింటికి ఎదురుగా "పోయింది" అనే రాయవలసి వస్తుంది, రాసి ఏడవండి. మరికొన్నింటి దగ్గర కలం ఆగుతుంది. బోర్డు ముందు నిలబడటం కష్టమైంది గానీ, కుర్చీలో కూర్చుని ఒక విద్యార్థి చేత బోర్డు మీద రాయిస్తూ లెక్క చెప్పించడం మీ చేతిలోనే ఉంది.

రిపోర్టుల విషయంలో మాత్రం కాస్త కఠినంగా చెబుతాను. రాత్రి వచ్చిన రిపోర్టును రాత్రి తెరవకండి. వీలైతే డాక్టరును కలిసే రోజు ఉదయం, ఇంట్లో ఒకరు పక్కన ఉండగా తెరవండి, లేదా డాక్టరు గదిలోనే మొదటిసారి చూడండి; అత్యవసరమైనదేదైనా ఉంటే వాళ్లే వెంటనే ఫోను చేస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి. సొంత కణాల కేంద్రకాల మీద దాడిచేసే ప్రొటీన్ల కోసం చేసే యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ పరీక్ష ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. డిఎన్ఏ యాంటీబాడీలు, కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్ల స్థాయి, మూత్రంలో ప్రొటీన్, మీ లక్షణాలు అన్నింటినీ కలిపి చూసి, పాత రిపోర్టులతో పోల్చుకున్నాకే రుమటాలజిస్టు, అంటే ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు, ఒక మాట అంటారు. ఒక్క బిందువు గుండా ఎన్ని గీతలైనా గీయవచ్చని పిల్లలకు చెప్పే మీకు ఈ సంగతి నేను చెప్పడం సాహసమే.

మీ అత్తగారిది ప్రేమే, సందేహం లేదు. అయితే "తగ్గిందా?" అన్నది జ్వరానికి పుట్టిన ప్రశ్న, వచ్చి పోయే జబ్బులకు సరిపోయే ప్రశ్న. పోకుండా, అలాగని ఎప్పుడూ ఒకేలా ఉండకుండా జీవితాంతం వెంట నడిచే జబ్బును పలకరించడానికి మనకు ఇంకా ఒక మాట స్థిరపడలేదు. అందుకే ఆమెకు మీరే ఒక ప్రశ్న ఇవ్వండి: "అత్తయ్యా, తగ్గిందా అని కాకుండా, ఈరోజు ఒంట్లో ఎంత ఓపిక ఉంది అని అడగండి, పదికి ఇన్ని అని చెబుతాను." నాలుగు అన్న రోజున ఏ పని ఎవరు చేయాలో ఆమెకే తెలుస్తుంది, మీరు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు.

చివరగా ఒక జాగ్రత్త. శరీరంలో వాపు ప్రక్రియ ఎక్కువగా ఉన్నప్పుడు విడుదలయ్యే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు మెదడు మీద పనిచేసి నీరసాన్ని, నిరాసక్తతను కలిగిస్తాయి. లూపస్ నేరుగా నాడీవ్యవస్థను తాకడమూ ఉంది. అందుచేత మనసు బాగాలేదన్నది రుమటాలజిస్టుకు చెప్పకూడని విషయం కాదు, తప్పకుండా చెప్పవలసిన లక్షణం. దిగులు, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర చెదరడం రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే మానసిక వైద్యుణ్ని కూడా కలవండి. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, ఆ రోజే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: నా భార్యకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థ కీళ్ల మీద దాడి చేసే జబ్బు, అని ఈ ఏడాది మొదట్లో తెలిసింది. ఆమె ఏ వస్తువు ముట్టుకోబోయినా నేనే ముందు అందుకుని చేసిపెడుతున్నాను. అయినా నన్ను చూస్తే విసుక్కుంటోంది. మొన్న సీసా మూత తీయబోతుంటే నేను లాక్కుని తీసి ఇచ్చినందుకు రోజంతా మాట్లాడలేదు. నేను చేస్తున్న పొరపాటేమిటి?

జవాబు: మీరు "లాక్కుని" అని రాశారు. జవాబులో సగం అక్కడే ఉంది. ఈ వ్యాధిలో ఉదయం నిద్ర లేచాక కీళ్లు గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు బిగుసుకుని ఉంటాయి, పొద్దెక్కేకొద్దీ సడలుతాయి. అంటే ఏడింటికి ఆమెకు చేతకాని పని పదకొండింటికి చేతనవుతుంది. మీరు రోజంతటికీ ఒకే లెక్క వేసి, ఏడింటి మనిషినే సాయంత్రం దాకా చూస్తున్నారు. ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నప్పుడు మీకు కనిపించింది సాయం. ఆమెకు కనిపించింది తన వేళ్ల గురించి మరొకరు ఇచ్చేసిన తీర్పు.

రాత్రి పడుకునేముందు మూతలన్నీ కాస్త వదులు చేసి, ఆ మాట ఎత్తకుండా ఊరుకోండి. పొద్దున ఆమె తనంతట తాను తీసుకుంటుంది. మిగిలిన పనులకు "నేను చేయనా?" అని అడిగి, వద్దంటే నిజంగానే చేతులు కట్టుకుని కూర్చోండి, ఆమెకు రెట్టింపు సమయం పట్టినా సరే. అలా కూర్చోవడం పని చేయడం కన్నా కష్టమని నాకు తెలుసు. మీకూ ఇందులో భయం, బాధ ఉన్నాయి. వాటిని ఆమె ముందు ఎప్పుడూ నవ్వు వెనక దాచకండి. "నాకూ భయంగా ఉంది" అని ఒకసారి అనండి. ఇంట్లో జబ్బు ఒక్కరిదే అయినా దిగులు ఒక్కరిదే కాదని ఆమెకు తెలియడం కొంత ఊరట.

ప్రశ్న: వయసు 23. మూడు నెలలుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడుతున్నాను. ముఖం ఉబ్బింది, నిద్ర లేదు, చిన్న మాటకే అరుస్తున్నాను. మందు మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: మీ అంతట మీరు మానకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడినప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను తయారీని తగ్గించుకుంటాయి. ఉన్నట్టుండి ఆపితే శరీరానికి అవసరమైనంత కార్టిసాల్ అందక ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు తగ్గించేది వైద్యులే, అదీ కొంచెం కొంచెంగా. కోపం, నిద్రలేమి, ముఖంలో వాపు ఈ మందుకు తెలిసిన దుష్ప్రభావాలే, మోతాదు తగ్గేకొద్దీ చాలావరకు తగ్గుతాయి. మందు ఏ వేళ వేసుకుంటున్నారో డాక్టరుకు చెప్పండి. ఉదయం పూటకు మారిస్తే చాలామందికి నిద్ర కొంత మెరుగవుతుంది. ఇంట్లోవాళ్లతో కోపం లేని ఒక గంట చూసుకుని, "ఈ మందు వాడినన్నాళ్లూ నా గొంతు లేస్తే కాసేపు నన్ను ఒంటరిగా వదిలేయండి, తరవాత నేనే వచ్చి మాట్లాడతాను" అని చెప్పి ఉంచండి. అరిచాక మాత్రం మందు మీదకు నెట్టకుండా వెళ్లి క్షమాపణ అడగండి.