ప్యానెల్ ఆన్ చేసే ముందు పిల్లల చేత ఊరు గీయించు తల్లీ

తల్లీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. క్లాసులోని ఐఎఫ్‌పీ, అదే ఆ పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెల్ మీద గూగుల్ ఎర్త్ పెట్టగానే పిల్లలంతా మా ఇల్లు చూపించండి మేడమ్ మా ఇల్లు చూపించండి అని ఎగబడ్డారనీ, పీరియడ్ మొత్తం దాంతోనే అయిపోయిందనీ అన్నావు కదా. ఆ ఉత్సాహాన్ని చంపకు, దాన్నే పాఠంలోకి తిప్పుకోవాలి.

ఈసారి ప్యానెల్ ఆన్ చెయ్యకముందే తలా ఒక తెల్లకాగితం ఇచ్చి ఇంటి నుంచి బడికి వచ్చే దారి గీయమను. కొలతలేం వద్దు, కాలవ, వంతెన, రామాలయం, ఐస్ ఫ్యాక్టరీ, ఏది గుర్తుంటే అది గీస్తారు. అందరూ గీశాకే పైనుంచి తీసిన బొమ్మ పెట్టు, అప్పుడు వాళ్ళ కళ్ళు ఇంటి కోసం కాదు, తాము గీసినదానికీ అక్కడ ఉన్నదానికీ తేడా కోసం వెతుకుతాయి. కాగితంలో సగం ఆక్రమించిన బడి మ్యాపులో గోరంత కనపడితే స్కేలు అంటే ఏంటో నువ్వు వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళ కాగితం మీద ఉత్తరం ఎటుందో కూడా అప్పుడే గుర్తు పెట్టించు. ఇళ్ళ జోలికి మాత్రం పోవద్దు, ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్ళు పిన్ను పెట్టి పేరు రాసి ఎక్కడా సేవ్ చెయ్యకు, బడి, గుడి, పంచాయతీ ఆఫీసు చాలు.

రెండోది, ఏదో ఒక ప్రశ్న లేకుండా మ్యాప్ తెరవకు. ప్రశ్న లేకపోతే అమెరికా అనీ, ఈఫిల్ టవర్ అనీ పిల్లలు ప్రపంచమంతా తిప్పిస్తారు, చివరికి ఏదీ మిగలదు. నీ బడి కొల్లేరు పక్కనే ఉంది, అంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది చెప్పు. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ ఉంటుంది, 1984 నుంచి ఏడాది ఏడాదికీ నేల ఎలా మారిందో వీడియోలా కదులుతుంది. కొల్లేరు మీద పెట్టి నోరు మెదపకుండా రెండు సార్లు నడిపించు, ఏం మారిందో వాళ్ళనే చెప్పనీ. సరస్సు గళ్ళు గళ్ళుగా చేపల చెరువులై పోవడం కంటికి కనపడుతుంది. ఆ తర్వాత నువ్వు చెప్పు, 1999లో అభయారణ్యం అయ్యింది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006 నాటికి ప్రభుత్వమే చెరువుల గట్లు కొట్టించింది అని. తేదీలు ముందు చెప్పి బొమ్మ తర్వాత చూపిస్తే పిల్లలు నువ్వు చెప్పిందే చూస్తారు, వాళ్ళంతట వాళ్ళు ఏదీ చూడరు. ఒక్క జాగ్రత్త, నీ క్లాసులో సగం మంది నాన్నలు ఆ చెరువుల మీదే బతుకుతుంటారు, కాబట్టి తప్పు ఎవరిది అనే వైపు పోనివ్వకు, నీళ్ళు ఎటు నుంచి వస్తాయి ఎటు పోతాయి అని అడుగు.

ఆ ప్రశ్న పట్టుకుంటే బుడమేరు వాగు దొరుకుతుంది. మైలవరం కొండల దగ్గర మొదలై వెలగలేరు మీదుగా విజయవాడ పక్కనుంచి కొల్లేరుకి వచ్చి, ఇక్కణ్ణుంచి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది ఆ నీళ్ళు. వేలితో ఆ గీత మొత్తం పిల్లల చేతే నడిపించు. 2024 సెప్టెంబరులో గట్లకి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునగడం టీవీలో చూసిన పిల్లలకి దాని కారణం అప్పుడు తెలుస్తుంది. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకుంటే, అది ఫ్రీయే, గడియారం గుర్తు నొక్కితే పాత ఫొటోలు వస్తాయి, ఏటి పక్కన ఇళ్ళు ఎలా పెరిగాయో దాంట్లో స్పష్టంగా ఉంటుంది, టైమ్‌లాప్స్‌లో అంత దగ్గరగా కనపడదు.

శాటిలైట్ బొమ్మ లైవ్ కాదని మొదటిరోజే చెప్పు, బొమ్మ తీసిన తేదీ చదివే అలవాటు చెయ్యి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనపడే మ్యాప్ ఒకటి చూపించి, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దదని చెబితే మ్యాప్‌ని కూడా అనుమానించొచ్చని వాళ్ళకి అర్థమవుతుంది, నాకైతే అదే అన్నింటికన్నా ముఖ్యం. మీ ఊరి చెరువు పేరు మ్యాపులో తప్పుంటే, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నువ్వే అకౌంట్ తీసుకుని పిల్లల ముందు సరిచెయ్యి. మన ఇస్రో వాళ్ళ మ్యాపుల వెబ్‌సైట్ భువన్ కూడా ఒకసారి తెరిచి చూపించు.

నెట్ సంగతి నీకు తెలిసిందే, ముందు రోజు రాత్రే స్క్రీన్‌షాట్లు తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకో, టైమ్‌లాప్స్ అయితే ఫోన్లో స్క్రీన్ రికార్డ్ చేసుకో. కరెంటు పోతే గోడకి అట్లాస్ మ్యాప్ వేలాడదీసి అదే ప్రశ్నతో పాఠం నడిపించు. బుడమేరు పాఠం ఏ వారం పెట్టుకుంటున్నావో చెబితే నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపిస్తాను.

మీ బాబాయ్