నాన్నతో చివరి మాట కటువుగా అయిపోయింది, బాప్తిస్మం తీసుకున్నా శాంతి లేదు – ఏం చేయాలి?

తమ్ముడూ, కావలిలో నాన్నగారు మంచాన పడి రమ్మంటుంటే సెలవు దొరకలేదని వాయిదా వేశావు, చివరిసారి ఫోన్లో విసుక్కుని పెట్టేశావు, ఆ వారంలోనే ఆయన పోయారని రాశావు. తర్వాత ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నావు. "దేవుడు క్షమించాడంటారు, మరి రాత్రయితే ఆ ఫోనే ఎందుకు గుర్తొస్తుంది?" అని అడిగావు.

మాది కందుకూరు పక్క పల్లె. ఇట్లాంటి బరువు మోసిన మనిషి ఇంట్లోనే పెరిగాను కాబట్టి రాస్తున్నా.

మా నాన్న, బాబాయి కలిసి పొగాకు వేసేవాళ్లు. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) నాన్న పేరు మీద ఉండటంతో వేలంలో బేళ్లు అమ్మిన డబ్బు ఆయన ఖాతాలోనే పడేది. ధర బాగా పలికిన ఒక ఏడాది ఆ డబ్బంతా అప్పులకు కట్టేసి, బాబాయి వాటా రేపూ మాపూ అంటూ ఎగ్గొట్టాడు. బాబాయి పెళ్లాం బిడ్డలతో నెల్లూరు వెళ్లిపోయాడు. నాన్న ఒక్క ఆదివారం కూడా గుడి మానలేదు. పాటలు పాడేవాడు, కానుక వేసేవాడు. నెల మొదటి ఆదివారం, యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె పంచుకునే ప్రభు భోజనం వేళకు మాత్రం, రొట్టె పళ్లెం మా వరసకు రాకముందే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అమ్మ తల వంచుకుని కూర్చునేది.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు అది కనిపెట్టారు. ప్రసంగంలో ఎత్తిపొడవలేదు, అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. సాయంత్రం ఇంటికొచ్చి మత్తయి 5వ అధ్యాయం తెరిచారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతున్నప్పుడు, నీ మీద నీ సహోదరుడికి ఏమైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని ఉంటుందే, అది చదివి కాఫీ తాగి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు నాన్న నెల్లూరు బస్సెక్కాడు. బాబాయి లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, అప్పుల సంగతి ఎత్తకుండా, "నీ డబ్బు నేను తిన్నానురా" అని చెప్పి వచ్చాడు. ఆ తర్వాత పంట పంటకీ కొంత కొంత తీర్చాడు. బాబాయి డబ్బు తీసుకున్నాడు గానీ మా గడప ఇంకా తొక్కలేదు. అయినా నెల్లూరు నుంచి వచ్చాక జరిగిన ప్రభు భోజనంలో నాన్న కదలకుండా కూర్చున్నాడు. "బాబాయి మాట్లాడలేదుగా నాన్నా, మరి నీకు నిద్రెట్లా పడుతోంది?" అని అడిగా. "వాడు మాట్లాడకపోతే వాడిది తప్పు కాదమ్మా. దేవుడి దగ్గర నాకిప్పుడు దాపరికం లేదు" అన్నాడు.

నీ సంగతి ఇంతకంటే కష్టం. మా నాన్నకు వెళ్లి నిలబడటానికి ఒక గుమ్మం ఉంది, నీకు లేదు. అందుకే పౌలును చూడమంటాను. యేసును నమ్మిన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినవాళ్లు తమ పైబట్టలు పెట్టింది, అప్పటికింకా యేసును నమ్మని ఈ పౌలు పాదాల దగ్గరే. స్తెఫను చనిపోయాడు, క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఏళ్లు గడిచాక కూడా పౌలు యెరూషలేములో జనం ముందు ఆ రక్తం సంగతి తన నోటితోనే చెప్పాడు (అపొస్తలుల కార్యములు 22). "వెనుకవున్నవి మరచి" అన్న ఆయన మాటే చూపించి, మర్చిపో బాబూ అని నీకు చాలామంది చెప్పి ఉంటారు. ఆ మాట రాసిన ఉత్తరంలోనే (ఫిలిప్పీయులకు రాసిన పత్రిక), అంతకు కొంచెం ముందే, నేను సంఘాన్ని హింసించినవాణ్ని అని రాసుకున్నాడు. ఆయన మర్చిపోలేదు. గుర్తున్నా ఇక దానికి శిక్ష పడదని నమ్మాడు. నువ్వేమో జ్ఞాపకం చెరిగిపోతేనే క్షమాపణ దొరికినట్టని అనుకుంటున్నావు. అక్కడే నలిగిపోతున్నావు.

బాప్తిస్మం నీళ్లు జ్ఞాపకాన్ని కడగవు. 1878 జూలై 3న మన ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1876లో మొదలైన మహా కరువు నుంచి బయటపడ్డవాళ్లు వాళ్లు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కూలి మాత్రం ఇప్పించారు. ఆ నదిలో దిగినవాళ్లలో కరువులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో! పోయినవాళ్లను మర్చిపోయి ఇళ్లకు వెళ్లి ఉంటారని నేననుకోను.

ఇంకొకటి, నీ బాధలో రెండు కలిసిపోయాయి. విసుక్కున్నావు, వెళ్లగలిగీ వెళ్లలేదు: ఇది ఒప్పుకోవాల్సింది, అదే పేరు పెట్టి ఒప్పుకో. "నా పాపాలన్నీ క్షమించు ప్రభువా" అని గంపగుత్తగా అంటే మనసు నమ్మదు. కానీ "నేనొచ్చి ఉంటే నాన్న బతికేవాడు" అని కూడా రాశావు. డాక్టర్ల చేతిలో లేనిది నీ చేతిలో ఎట్లా ఉంటుంది? చేయని తప్పుకు క్షమాపణ అడుగుతుంటే ఎన్నిసార్లు అడిగినా అడగనట్టే ఉంటుంది. అది దుఃఖం. దాన్ని ఏడ్చి తీర్చుకోవాలి. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కూడా ఏడ్చాడు.

ఆ ఫోన్ సంగతి అమ్మకు చెప్పావా? రాసిందాన్ని బట్టి చెప్పలేదనిపిస్తోంది. పాస్టరుగారి కంటే ముందు ఆమెకు చెప్పు. ఆయన చివరి రోజుల్లో నీ గురించి ఏమనుకున్నారో తెలిసిన మనిషి ఆమె. ఆమె కోప్పడితే పడనివ్వు, ఎదురు చెప్పకు.

నిద్ర, తిండి మరీ తగ్గిపోతుంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలువు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

సంఘంలో అందరి ముందు నీ కథ సాక్ష్యంగా చెప్పమని ఎవరైనా తొందర పెడితే ఇప్పుడే ఒప్పుకోకు. అమ్మతో మాట్లాడాక ఏమైందో వీలైతే ఇక్కడే రాయి, చదువుతాను.