మూడోసారి విప్పాడంటే మంచిదే

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి. ఏడాదిగా జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ సొంతంగా తయారు చేస్తున్నాడు. పాటలు వస్తున్నాయి కదా అంటే ‘స్క్రీన్ మారినప్పుడల్లా చెవిలో టిక్‌మంటోంది’ అంటూ మూడోసారి విప్పేశాడు. లెక్కల్లో మార్కులు తగ్గాయి. వాడు ఎలక్ట్రానిక్స్ అంటున్నాడు, వాళ్ల నాన్నగారు కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ‘మూడోసారి విప్పేశాడు’ అన్నది. ఈఎస్‌పీ32 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు, డిజిటల్ పాటను చెవికి వినిపించే సిగ్నల్‌గా మార్చే ఒక డాక్ మాడ్యూల్, మెమరీ కార్డు, రెడీమేడ్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఉంటే వీడియో చూస్తూ వైర్లు కలిపి ఎవరైనా పాట వినిపించగలరు. పాట వస్తున్నా ఏదో తేడాగా ఉందని చెవితో పట్టుకుని, అది పోయేదాకా వదలకపోవడం మాత్రం అందరికీ వచ్చేది కాదు.

ఆ టిక్ సంగతే చూడండి. స్క్రీన్ వెలిగినప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపు సప్లై లైన్‌లోంచో గ్రౌండ్ వైర్‌లోంచో డాక్ దాకా పాకితే చెవిలో టిక్‌మంటుంది. డాక్‌కు విడిగా రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే చిప్) పెట్టి, దాని కాళ్ల పక్కనే కెపాసిటర్ వేసి, గ్రౌండ్ వైర్లు కలిసే చోటు మారిస్తే తగ్గుతుంది. ఇది ఎలక్ట్రానిక్స్ పని. డాక్‌కు పంపేముందు పాటను కాసేపు దాచే మెమరీని బఫర్ అంటారు. అది ఖాళీ అయినా అలాంటి శబ్దమే వస్తుంది. సీడీ నాణ్యత పాటకు ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) అందాలి. 4,096 బైట్ల బఫర్‌లో పట్టేది దాదాపు 23 మిల్లీసెకన్ల పాటే. ప్రాసెసర్ అంతకన్నా ఎక్కువసేపు స్క్రీన్ గీస్తూ కూర్చుంటే డాక్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇది ప్రోగ్రామింగ్ పని.

కారణం ఏదో తేల్చుకోవడానికి ఏం చేశావని మీవాణ్ని అడగండి. వైర్లు మార్చి చూశాడా, కోడ్ మార్చి చూశాడా, ఏ పనిలో పడి భోజనం సంగతి మర్చిపోయాడు? కోర్సు ఎంపికకు నేను మార్కుల కన్నా ఆ జవాబునే ఎక్కువ నమ్ముతాను. వైర్లు, వోల్టేజీల వైపే మనసుంటే ఎలక్ట్రానిక్స్‌లో చేర్చండి. సర్క్యూట్లు ల్యాబ్‌లో, పక్కన చెప్పేవాళ్లుండగా నేర్చుకుంటేనే బాగా వంటబడతాయి. ప్రోగ్రామింగ్ సొంతంగా సాధన చేయడం కాస్త తేలిక. అలాగని వాళ్ల నాన్నగారి మాట తీసెయ్యకూడదు. ఎంబెడెడ్ ఉద్యోగాల్లో, అంటే పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాం రాసేచోట, సీ అనే ప్రోగ్రామింగ్ భాష రాకుండా పని జరగదు. రాక్‌బాక్స్ అని 2001లో మొదలైన ఉచిత ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఎక్కువ భాగం సీలోనే రాశారు, కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. పాట బఫర్‌లోకి ఎలా వస్తోందో అందులో వెతకమనండి.

లెక్కల విషయంలో మాత్రం నేను మీ వైపే. లెక్కలు వదిలేస్తే ఈ సరదా రెండో ఏడాది సిగ్నల్స్ సబ్జెక్టు దగ్గరే ఆగిపోతుంది. తిట్టి కూర్చోబెట్టకండి. పాటలో బేస్ (మంద్ర శబ్దం) పెంచే ఫిల్టర్‌ను లైబ్రరీ వాడకుండా సొంతంగా రాయమనండి. దాని గుణకాలు కట్టడానికి సైన్, కొసైన్ కావాలి. నాబ్ కాస్త తిప్పగానే అది కీచుమని ఎందుకు అరిచిందో తెలియాలంటే సంకీర్ణ సంఖ్యలు కావాలి. తన ప్లేయర్‌కు అవసరమైన లెక్కను ఎవరూ చెప్పక్కర్లేకుండానే పట్టుకుంటాడు.

బ్యాటరీ గురించి గట్టిగా చెబుతున్నాను. ఇలాంటివాటిలో ఎక్కువగా వాడే టీపీ4056 చార్జింగ్ బోర్డు మామూలుగా 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో వస్తుంది. చార్జింగ్ కరెంటు ఎంతో నిర్ణయించేది ఆ రెసిస్టరే, దానితో 1 యాంపియర్ పంపుతుంది. జేబు ప్లేయర్‌లో పెట్టే 500 మిల్లీ యాంపియర్ అవర్ల చిన్న సెల్‌కు అది చాలా ఎక్కువ. ఆ రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్‌లది వేస్తే సుమారు 250 మిల్లీ యాంపియర్లకు తగ్గుతుంది. మీవాడు మార్చాడో లేదో ఇవాళే అడగండి. సెల్ ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడొద్దు, గుచ్చొద్దు, ఇంట్లో చెత్తబుట్టలో వేయొద్దు.

నాలుగోసారి కూడా విప్పుతాడు, విప్పనివ్వండి. కాకపోతే విప్పేముందు ఒక ఫోటో తీసి, ఏం మారుస్తున్నాడో, ఏం వినిపిస్తుందని అనుకుంటున్నాడో నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోమనండి. మార్చాక నిజంగా ఏం వినిపించిందో దాని కిందే రాయమనండి. రేపు ఇంటర్వ్యూలో ప్లేయర్‌తో పాటు ఆ నోట్‌బుక్ కూడా బల్ల మీద పెట్టవచ్చు.